డిస్కార్డ్ టెస్ట్ నా లాప్‌టాప్‌లో పాస్, సీఐలో అప్పుడప్పుడూ ఫెయిల్. అసలు నిజం డిస్క్ లేకుండా ఈ టెస్టులకు విలువ ఉందా?

బెజవాడ_బైట్స్
లినక్స్ కర్నెల్‌లో డిస్కార్డ్ దారిలో, అంటే అక్కర్లేని బ్లాకుల సంగతి డిస్క్‌కి చెప్పే కోడ్‌లో, ఒక బగ్ దొరికింది. పెద్ద డిస్కార్డ్‌ని ముక్కలు చేసేటప్పుడు మధ్యలో ఒక ముక్క జారిపోతోంది. మా టీమ్‌లో వేరేవాళ్లు ఫిక్స్ చేశారు, టెస్ట్ రాసే పని నాకు వచ్చింది. కర్నెల్ స్టోరేజ్ కోడ్‌ని పరీక్షించే బ్లాక్‌టెస్ట్స్ సూట్‌లో పెట్టాలని ప్లాన్.

టెస్ట్ చాలా సింపుల్. మెమరీలో ఉత్తుత్తి డిస్క్ సృష్టించే స్కసీ డీబగ్ మాడ్యూల్ లోడ్ చేస్తాను, డిస్క్ నిండా ఒక ప్యాటర్న్ రాస్తాను, బీఎల్‌కే డిస్కార్డ్ కమాండ్ కొడతాను, చదివి అన్నీ సున్నాలే ఉన్నాయా చూస్తాను, మాడ్యూల్ తీసేస్తాను. లాప్‌టాప్‌లో ఎప్పుడు నడిపినా పాస్. సీఐలో (ప్రతి మార్పుకీ టెస్టులు వాటంతటవే నడిపే మెషిన్లు) మాత్రం అప్పుడప్పుడూ "మాడ్యూల్ వాడుకలో ఉంది" అని చివర్లో పడిపోతోంది. ఇది చాలదన్నట్టు మా లీడ్ "నిజం ఎస్‌ఎస్‌డీ మీద కూడా నడవాలి" అన్నాడు. నడిపితే అక్కడ సున్నాలే రావట్లేదు, కొన్ని చోట్ల పాత ప్యాటర్నే కనిపిస్తోంది!

ఉత్తుత్తి డిస్క్ మీద పాస్, నిజం డిస్క్ మీద ఫెయిల్. మరి ఈ టెస్ట్ దేన్ని పరీక్షిస్తున్నట్టు?

శూన్య_పరికరం
మాడ్యూల్ తీసే ముందు స్లీప్ 5 పెట్టు, ఐదు సెకన్లు ఆగుతుంది. అందరం చేసేది అదే, ఎవరూ చెప్పరంతే.

డీబగ్_దొరసాని
దయచేసి పెట్టకండి. ఇవాళ 5 పెడతారు, సీఐ మెషిన్ ఇంకొంచెం నెమ్మదించగానే 10 అవుతుంది, ఏడాది తిరిగేసరికి టెస్ట్ సూట్‌లో సగం సమయం నిద్రే.

అసలు జరిగేది ఇది. రాయడానికి తెరిచిన బ్లాక్ డివైస్‌ని, అంటే డిస్క్‌ని, మూయగానే యూడెవ్‌కి (డివైస్‌ల రాకపోకలు చూసుకునే ప్రోగ్రామ్) తెలుస్తుంది. అది ఆ డివైస్ మీద కనిపెట్టుకుని ఉంటుంది కదా. "ఏదో మారింది, కొత్త ఫైల్ సిస్టమ్ వచ్చిందేమో" అని మళ్లీ తెరిచి బీఎల్‌కే ఐడీతో తడిమి చూస్తుంది. సరిగ్గా అదే క్షణంలో మీరు మాడ్యూల్ తీయబోతే రిఫరెన్స్ కౌంట్ (ఎంతమంది వాడుతున్నారన్న లెక్క) సున్నా కాదు, అంతే. మీ లాప్‌టాప్‌లో యూడెవ్ పని కళ్లు మూసి తెరిచేలోపు అయిపోతుంది. సీఐలో కేఏసాన్, లాక్‌డెప్ లాంటి నెమ్మది చేసే తనిఖీలన్నీ ఆన్ చేసిన కర్నెల్, చిన్న వర్చువల్ మెషిన్. అక్కడ ఈ ఢీకొనే వ్యవధి పెరుగుతుంది.

యూడెవ్ ఎడిఎమ్ సెటిల్ పెట్టండి, యూడెవ్ పని అయ్యేదాకా ఆగే కమాండ్ అది. కానీ అదొక్కటే చాలదు, సెటిల్ చూసేది క్యూలో ఇప్పటికే ఉన్న ఈవెంట్లనే. మీ క్లోజ్ వల్ల రావాల్సిన ఈవెంట్ ఇంకా క్యూలోకే చేరకపోతే సెటిల్ వెంటనే తిరిగొచ్చేస్తుంది. అందుకే ఆ తర్వాత సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కర్నెల్ తన స్థితిని ఫైళ్లుగా చూపించే చోటు) మాడ్యూల్ రిఫరెన్స్ కౌంట్ సున్నా అయ్యేదాకా చూసి, అప్పుడు తీయాలి. దీనికి కొత్తగా ఏమీ రాయక్కర్లేదు, బ్లాక్‌టెస్ట్స్‌లో ఉంది. పేరు కూడా "పేషెంట్ ఆర్‌ఎమ్‌మాడ్".

శూన్య_పరికరం
ఓపిక గల మాడ్యూల్ తొలగింపు. మా ఆవిడకి చూపిస్తా, కర్నెల్ వాళ్లు కూడా ఓపిక నేర్చుకుంటున్నారని.

పచ్చిమిర్చి_64
మాడ్యూల్ గొడవ సరే. డిస్కార్డ్ చేశాక సున్నాలు వస్తాయని నీకు ఎవరు మాట ఇచ్చారు?

బెజవాడ_బైట్స్
ఎవరూ ఇవ్వలేదు, కానీ స్కసీ డీబగ్‌లో ప్రతిసారీ వస్తున్నాయిగా?

ఎస్సెస్డీ_సుబ్బడు
ఫర్మ్‌వేర్ వైపు పనిచేస్తాను కాబట్టి ఈ ప్రశ్న నెలకోసారి వింటాను. డిస్కార్డ్ అంటే "ఈ బ్లాకులు నాకు ఇక అక్కర్లేదు" అని చెప్పడం. చెరిపెయ్యమని కాదు. డ్రైవ్ దాన్ని పూర్తిగా పాటించొచ్చు, తన గ్రాన్యులారిటీకి (ఒకేసారి వదలగల కనీస ముక్క సైజు) సరిపడని అంచులు వదిలేయొచ్చు, పనిలో ఉంటే మొత్తం వదిలేయొచ్చు. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీల్లో డీఅలొకేట్ (అక్కడ డిస్కార్డ్ పేరు) చేసిన బ్లాక్ చదివితే ఏం వస్తుందో నేమ్‌స్పేస్ (డ్రైవ్‌లో ఒక డిస్క్‌గా కనిపించే భాగం) సమాచారంలో డీఎల్‌ఫీట్ అనే ఫీల్డ్ చెబుతుంది: సున్నాలు, లేదా అన్నీ ఎఫ్‌ఎఫ్‌లు (అన్ని బిట్లూ 1), లేదా "చెప్పను". చెప్పను అన్న డ్రైవ్‌ని పట్టుకుని సున్నాలు రాలేదని అలిగితే ఎలా?

లినక్స్‌లో కూడా ఒకప్పుడు సిస్‌ఎఫ్‌ఎస్ క్యూ డైరెక్టరీలో డిస్కార్డ్ జీరోస్ డేటా అని ఒక ఫైల్ ఏదో హామీ ఇస్తున్నట్టు కనిపించేది. 2017లో 4.12 కర్నెల్‌తో ఆ హామీ తీసేశారు. ఫైల్ ఇంకా ఉంది, కానీ ఎప్పుడు చదివినా సున్నాయే, అంటే హామీ లేదని. నీకు సున్నాలే కావాలంటే రైట్ జీరోస్ దారిలో వెళ్లు, అది వేరే ఆపరేషన్, దాని టెస్ట్ వేరే.

స్కసీ డీబగ్‌లో ఎప్పుడూ సున్నాలు రావడానికి కారణం దాని ఎల్‌బీపీఆర్‌జెడ్ (వదిలేసిన బ్లాక్ చదివితే ఏమివ్వాలి) పారామీటర్ డిఫాల్ట్‌గా 1 ఉండటం. 2 పెట్టి చూడు, ఎఫ్‌ఎఫ్‌లు వస్తాయి. నీ టెస్ట్ పరీక్షించింది ఆ డిఫాల్ట్‌ని.

నిద్రలేని_నోడ్
అందుకే నేను ఎప్పటినుంచో చెప్తున్న, ఈ ఉత్తుత్తి డిస్కులతోని ఏం కాదు. డేటా సెంటర్‌ల పనిచేసిన. నేను చూసిన బగ్గులన్నీ నిజం డ్రైవ్‌ల మీదనే వచ్చినయ్. కమాండ్ పోతది, జవాబు రాదు, టైమవుట్ అయితది, కంట్రోలర్ రీసెట్ అయితది, వాపస్ వచ్చినంక నేమ్‌స్పేస్ సైజే వేరే చూపెడ్తది. గిది స్కసీ డీబగ్ల ఏడికెల్లి వస్తది? ర్యామ్‌ల 8 ఎంబీ డిస్క్ పెట్టి స్టోరేజ్ టెస్ట్ జేసినం అంటే నవ్వొస్తది.

బ్లాక్‌లేయర్_మామ
నోడ్ తమ్ముడూ, టైమవుట్ కూడా వస్తుంది అందులో. ఎవ్రీ ఎన్‌త్, ఆప్ట్స్ అనే పారామీటర్లు చూడు. ఇన్ని కమాండ్లకొకసారి జవాబు మింగెయ్, లేదా సెక్టార్ చెడిందని మీడియం ఎర్రర్ ఇవ్వు, లేదా బిజీ అను, అన్నీ చెప్పొచ్చు. నిజం డ్రైవ్‌ని "సరిగ్గా ఈ సెక్టార్‌లో చెడిపో" అని ఎలా అడుగుతావు?

2018 చివర్లో 4.19 కర్నెల్ గొడవ గుర్తుందా? ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్‌లు పాడైపోతున్నాయని బగ్‌జిల్లా (బగ్గుల ఫిర్యాదుల సైట్) నిండిపోయింది. అందరి వేళ్లూ ఎక్స్‌ట్4 వైపే. చివరికి తేలింది బ్లాక్ లేయర్‌లో, అంటే ఫైల్ సిస్టమ్‌కీ డ్రైవర్‌కీ మధ్య పొరలో. ఆ బగ్ రావాలంటే రిక్వెస్టుల వరస చూసే షెడ్యూలర్ "నన్" అని ఉండాలి, డ్రైవర్ ఒక రిక్వెస్ట్‌ని "బిజీగా ఉన్నాను" అని వెనక్కి పంపాలి. అప్పటికే కమాండ్‌గా తయారైపోయిన ఆ రిక్వెస్ట్ మళ్లీ క్యూలోకి వెళ్లి, ఇంకో దానితో కలిసిపోయేది. 4.19.8లో సరిచేశారు. అన్ని నిజం డిస్కులు, అంతమంది యూజర్లు, అయినా పట్టుకోవడానికి వారాలు పట్టింది. ఎందుకంటే "బిజీ" అనే జవాబు మంచి డిస్క్ నుంచి మామూలు లోడ్‌లో అరుదుగా వస్తుంది. ఉత్తుత్తి డిస్క్ అయితే అడిగినప్పుడల్లా ఇస్తుంది.

నిద్రలేని_నోడ్
ఒక్క ఉదాహరణ.

డీబగ్_దొరసాని
ఇంకోటి నేనిస్తా. 2015లో ట్రిమ్ (సాటా డిస్కుల్లో డిస్కార్డ్ పేరు) వల్ల డేటా పోతోందని ఒక సెర్చ్ కంపెనీ వాళ్లు సామ్‌సంగ్ ఎస్‌ఎస్‌డీల గురించి రాశారు. లోకమంతా డ్రైవ్‌లనే తిట్టింది. తర్వాత సామ్‌సంగ్ ఇంజినీర్లే కూర్చుని వెతికితే బగ్ లినక్స్ రెయిడ్ (పలు డిస్కుల్ని ఒకటిగా కలిపే) కోడ్‌లో తేలింది, డిస్కార్డ్‌ని ముక్కలు చేసే దగ్గర. బైట్స్ గారూ, మీ బగ్‌కి దూరపు చుట్టం.

నిద్రలేని_నోడ్
అదే సామ్‌సంగ్ డ్రైవ్‌లు కొన్నిటికి క్యూడ్ ట్రిమ్ (వేరే కమాండ్లతోని పాటే పోయే ట్రిమ్) బంద్ చేస్తూ లినక్స్ సాటా కోడ్ లిబ్‌ఏటీఏల లిస్ట్ ఉన్నది, అది గూడ చెప్పుండ్రి మరి.

ఎస్సెస్డీ_సుబ్బడు
నిజమే, అది వేరే సంగతి, అక్కడ తప్పు డ్రైవ్‌దే. ఆ లిస్ట్‌లో వేరే కంపెనీల మోడళ్లూ ఉన్నాయి. మా పక్షం వాళ్లం అంత పతివ్రతలం కాదులే.

కాకినాడ_కర్నెల్
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, ఫైనలియర్ స్టూడెంట్‌ని. నా లాప్‌టాప్‌లో ఒక్కటే డిస్క్. బ్లాక్‌టెస్ట్స్ నడిపితే నా డేటా పోతుందా?

పచ్చిమిర్చి_64
కాన్ఫిగ్‌లో టెస్ట్ డెవ్స్ అన్న చోట నీ డిస్క్ పేరు రాస్తే పోతుంది. రాయకపోతే పోదు.

డీబగ్_దొరసాని
పోకపోయినా లాప్‌టాప్ మీద నేరుగా నడపకు తమ్ముడూ. ఈ టెస్టుల పనే కర్నెల్‌ని కూలదోయడం. మొత్తం హ్యాంగ్ అయితే సేవ్ చేయని ప్రాజెక్ట్ రిపోర్ట్ గోవిందా. వర్ట్‌మీ ఎన్‌జీ అని ఉంది, నువ్వు కంపైల్ చేసిన కర్నెల్‌ని క్యూఈఎంయూలో (వర్చువల్ మెషిన్ నడిపే ప్రోగ్రామ్) క్షణాల్లో బూట్ చేస్తుంది. క్యూఈఎంయూకి ఒక ఖాళీ ఫైల్ ఇచ్చి ఎన్‌వీఎంఈ డివైస్‌గా చూపించమంటే చూపిస్తుంది, జోన్డ్ (జోన్లుగా విడదీసి, ఒక్కో జోన్‌లో వరసగానే రాయాల్సిన డిస్క్) కావాలన్నా ఇస్తుంది. దాన్ని టెస్ట్ డెవ్స్‌లో రాసుకో, ఎన్నిసార్లు చెడగొట్టుకున్నా ఖర్చు లేదు.

నిద్రలేని_నోడ్
నిజం మెషిన్ మీద నడిపేటోళ్లకు ఒక మాట. డిస్క్ పేరు ఎన్‌వీఎంఈ 0, ఎన్‌వీఎంఈ 1 అని రాయకుండ్రి. రీబూట్ అయితే నంబర్లు అటిటు అయితయ్. బై ఐడీ డైరెక్టరీల సీరియల్ నంబర్‌తోని ఉండే లింక్ రాయుండ్రి. మా ల్యాబ్‌ల ఒకాయన బూట్ డిస్క్ మీద రైట్ టెస్ట్ నడిపిండు. టెస్ట్ పాస్ అయ్యింది. మెషిన్ మళ్ల లేవలే.

శూన్య_పరికరం
పాస్ అయింది కదా, ఇంకేం కావాలి ఆయనకి.

బెజవాడ_బైట్స్
సరే, సున్నాలు చూడకూడదు. మరి ఏం చూడాలి? డిస్కార్డ్ జరిగిందని ఎలా తెలుస్తుంది?

బ్లాక్‌లేయర్_మామ
నీ ఫిక్స్ ఉన్నది కర్నెల్‌లో. కాబట్టి కర్నెల్ సరైన కమాండ్లు కిందికి పంపిందా లేదా అన్నదే నీ ప్రశ్న, డ్రైవ్ వాటితో ఏం చేసిందన్నది కాదు. స్కసీ డీబగ్ దీనికి బంగారంలాంటి సాక్ష్యం ఇస్తుంది. ఎల్‌బీపీయూ (అన్‌మ్యాప్, అంటే స్కసీలో డిస్కార్డ్ కమాండ్) ఆన్ చేసి లోడ్ చేస్తే దాని సిస్‌ఎఫ్‌ఎస్ డైరెక్టరీలో మ్యాప్ అనే ఫైల్ ఉంటుంది. ఇప్పుడు ఏ బ్లాకుల్లో డేటా ఉందో రేంజ్‌లుగా అచ్చేస్తుంది. మొత్తం రాసి, మధ్యలో డిస్కార్డ్ కొట్టి, ఆ ఫైల్ చదువు. ఊడిపోవాల్సిన బ్లాకులు ఊడాయా, ఊడకూడనివి ఉన్నాయా, రెండూ ఒకే లైన్‌లో. రావాల్సిన లైన్‌ని అవుట్ ఫైల్‌లో పెట్టెయ్, బ్లాక్‌టెస్ట్స్ ఎలాగూ టెస్ట్ అవుట్‌పుట్‌ని దానితో పోల్చే తేలుస్తుంది.

ఇంకోటి. డిస్క్ డిఫాల్ట్ సైజ్ 8 ఎంబీ అని నోడ్ ఎగతాళి చేశాడు కానీ అందులో పాయింట్ ఉంది. అన్‌మ్యాప్ మ్యాక్స్ బ్లాక్స్ (ఒక్క కమాండ్‌లో ఎన్ని బ్లాకులు) పారామీటర్ ముట్టుకోకపోతే చాలా పెద్దది. అంటే నీ 8 ఎంబీ డిస్కార్డ్ ఒక్క కమాండ్‌గా దిగిపోతుంది. ముక్కలు చేసే కోడ్‌లోకి అడుగే పెట్టదు. నీ బగ్ ఉన్నదేమో ఆ కోడ్‌లో.

పచ్చిమిర్చి_64
ఫిక్స్ తీసేసిన కర్నెల్ మీద ఈ టెస్ట్ నడిపావా? మామ చెప్పింది నిజమైతే అక్కడా పాస్ అవుతుంది.

బెజవాడ_బైట్స్
ఇప్పుడే నడిపా. అయ్యింది.

శూన్య_పరికరం
😂😂

బ్లాక్‌లేయర్_మామ
అన్‌మ్యాప్ మ్యాక్స్ బ్లాక్స్‌ని చిన్న సంఖ్యకి దించు. అది అన్‌మ్యాప్ గ్రాన్యులారిటీకి సరిగ్గా భాగింపబడకుండా చూడు, అలాంటి వంకర లెక్కల దగ్గరే ఈ బగ్గులు కాపురం ఉంటాయి. మొదలయ్యే బ్లాక్‌ని కూడా అలైన్‌మెంట్ తప్పించి ఒకసారి పెట్టు. స్కసీ డీబగ్ పూర్తి గ్రాన్యూల్ దొరికితేనే మ్యాప్ నుంచి తీస్తుంది, అంచులు ఉండిపోతాయి. ఆ లెక్క ముందే కాగితం మీద వేసుకుని అవుట్ ఫైల్‌లో రాయి. నడిపి వచ్చిన అవుట్‌పుట్‌నే కాపీ కొట్టి "ఇదే సరైనది" అనకు.

డీబగ్_దొరసాని
చివరి వాక్యాన్ని ఫ్రేమ్ కట్టించాలి. నేను రివ్యూ చేసే టెస్టుల్లో సగం అవుట్ ఫైళ్లు బగ్ ఉన్న కర్నెల్ నుంచి కాపీ చేసినవే.

గోదారి_జీయోమ్
ఫ్రీబీఎస్‌డీ (లినక్స్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) వాడిగా ఒక చిన్న ముక్క. మా దగ్గర ఇదే పనికి జీనాప్ ఉంది. ఏ డిస్క్ మీదైనా పారదర్శకంగా కూర్చుంటుంది, ఇన్ని శాతం రీడ్‌లు ఫెయిల్ చెయ్, ఇన్ని శాతం రైట్‌లు ఫెయిల్ చెయ్ అని చెప్పొచ్చు. టెస్టులు క్యూవా అనే ప్రోగ్రామ్‌తో నడుస్తాయి. లినక్స్‌లో మాడ్యూల్‌కో భాష, పారామీటర్‌కో యాస చూస్తుంటే జాలేస్తుంది.

బ్లాక్‌లేయర్_మామ
శాతాలతో ఫెయిల్ చేస్తే టెస్ట్ ఫలితం కూడా శాతాల్లోనే వస్తుంది. నాకు కచ్చితంగా ఫలానా సెక్టార్‌లో కావాలి.

గోదారి_జీయోమ్
100 శాతం అని కూడా ఇవ్వొచ్చు మామా 🙂

కాకినాడ_కర్నెల్
స్కసీ డీబగ్ బదులు నల్ బ్లాక్ అనే ఇంకో ఉత్తుత్తి డిస్క్ వాడితే? అది ఇంకా ఈజీగా ఉంది, కాన్ఫిగ్‌ఎఫ్‌ఎస్‌లో (కర్నెల్ సెట్టింగులు ఫైళ్లుగా రాసే చోటు) ఒక డైరెక్టరీ చేసి, పవర్ ఫైల్‌లో 1 రాస్తే డిస్క్ వచ్చేస్తోంది. కానీ రాసింది చదివితే రావట్లేదు.

ఎస్సెస్డీ_సుబ్బడు
పేరులోనే ఉంది కదా బాబూ. 250 జీబీ డిస్క్‌నని చెప్పుకుంటుంది, ఒక్క బైటూ ఉంచుకోదు. బ్లాక్ లేయర్ వేగం కొలవడానికి పుట్టింది అది. మెమరీ బ్యాక్డ్ పారామీటర్ ఆన్ చెయ్, అప్పుడు ఉంచుకుంటుంది. మెమరీ బ్యాక్డ్ లేకుండా డిస్కార్డ్ ఆన్ చేస్తే డ్రైవర్ పట్టించుకోదు, ఆ మాట డీమెసేజ్‌లో (కర్నెల్ లాగ్) రాసి ఊరుకుంటుంది.

డీబగ్_దొరసాని
స్కసీ డీబగ్‌లో దీనికి తిరగేసిన ఉచ్చు ఒకటి ఉంది. రెండు మూడు డిస్కులు సృష్టిస్తే డిఫాల్ట్‌గా అన్నిటికీ వెనక ఒకే మెమరీ! ఒకదాంట్లో రాస్తే ఇంకోదాంట్లో కనిపిస్తుంది. దాని మీద రెయిడ్ 1 కట్టి, "రెండు కాపీలూ ఎప్పుడూ ఒకేలా ఉన్నాయి, సూపర్" అని సంబరపడిన టెస్ట్ నేను చూశాను. పర్ హోస్ట్ స్టోర్ అని పారామీటర్ ఉంది, అది పెడితే హోస్ట్‌కి (ఉత్తుత్తి కంట్రోలర్) ఒక మెమరీ వస్తుంది.

శూన్య_పరికరం
ఆ రెయిడ్‌కి మించిన నమ్మకమైన రెయిడ్ లేదు లోకంలో.

పచ్చిమిర్చి_64
జోన్డ్ డిస్క్ కావాలంటే మాత్రం నల్ బ్లాక్ చాలా హాయి. జోన్ సైజ్, జోన్ కెపాసిటీ (నిజంగా రాయగల భాగం), ఎన్ని జోన్లు తెరిచి ఉంచొచ్చు అన్నీ ఇస్తావు. కెపాసిటీని సైజ్ కంటే తక్కువ పెట్టి నడపండి ఒకసారి. రెండూ సమానమని అనుకుని రాసిన కోడ్ ఎంత ఉందో బయటపడుతుంది.

నిద్రలేని_నోడ్
కరెంట్ పోతే ఏమైతదో టెస్ట్ జేసేదెట్ల? మేం ల్యాబ్‌ల నిజంగనే పవర్ కట్ చేస్తుంటిమి, రిలే పెట్టి.

బ్లాక్‌లేయర్_మామ
డ్రైవ్ పరీక్షించాలంటే అదే సరైన పద్ధతి, అందులో నీతో గొడవ లేదు. ఫైల్ సిస్టమ్ పరీక్షించాలంటే మాత్రం డిస్క్ మీద పొరలా కూర్చునే డీఎమ్ లాగ్ రైట్స్ మెరుగు. వచ్చిన ప్రతి రైట్, ఫ్లష్ (క్యాష్‌లోది డిస్క్‌కి దించు), ఎఫ్‌యూఏ (ఈ రైట్ నేరుగా డిస్క్‌కి) వరస తప్పకుండా ఇంకో డిస్క్‌లో రాసిపెడుతుంది. తర్వాత ఏ ఫ్లష్ దగ్గర కావాలంటే అక్కడిదాకా రీప్లే చేసి, "కరెంట్ ఇక్కడ పోయింది" అనుకుని మౌంట్ చేసి చూడొచ్చు. రిలేతో రాత్రంతా కొట్టినా అన్ని పాయింట్లు తగలవు. త్వరగా కావాలంటే డీఎమ్ ఫ్లేకీ ఉంది. ఆ క్షణం నుంచి రైట్లన్నీ నోట్లో వేసుకుని "రాసేశా" అంటుంది.

ఎస్సెస్డీ_సుబ్బడు
నల్ బ్లాక్‌లో క్యాష్ సైజ్ పెట్టి, పవర్ ఫైల్‌లో 0 రాస్తే ఫ్లష్ కాని డేటా పోతుంది. చిన్న టెస్టులకి అది చాలు.

నిద్రలేని_నోడ్
లాగ్ రైట్స్ మంచిగున్నది. ఒప్పుకుంట. గని ఫ్లష్ వచ్చినంక గూడ డేటా పోగొట్టే డ్రైవ్ ఉంటది, అది మీ లాగ్‌ల దొరకదు. రిలే ఉండాలె.

డీబగ్_దొరసాని
ఇంకో రోగం గురించి ఎవరూ మాట్లాడట్లేదు: స్కిప్. బ్లాక్‌టెస్ట్స్‌లో రిక్వైర్స్ ఫంక్షన్ రాస్తాం, ఫలానా మాడ్యూల్ లేకపోతే, ఫలానా ప్రోగ్రామ్ లేకపోతే టెస్ట్ "నడవలేదు" అని వదిలేస్తుంది. పద్ధతి మంచిదే. కానీ ఒక చోట సీఐ నెలల తరబడి పచ్చగా ఉండేది. తీరా చూస్తే కర్నెల్ కాన్ఫిగ్‌లో స్కసీ డీబగ్ ఆఫ్, ఆ గుంపు మొత్తం స్కిప్. ఫెయిల్స్ సంఖ్య మీద కాదు, స్కిప్‌ల లిస్ట్ మీద అలారం పెట్టండి. నిన్న నడిచిన టెస్ట్ ఇవాళ స్కిప్ అయితే అదీ ఫెయిలే.

గోదారి_జీయోమ్
+1. ఇది మా వైపూ ఉన్న రోగమే.

బెజవాడ_బైట్స్
అప్‌డేట్. మామ చెప్పినట్టు అన్‌మ్యాప్ మ్యాక్స్ బ్లాక్స్ దించి, గ్రాన్యులారిటీకి భాగింపబడకుండా పెట్టాను. ఫిక్స్ లేని కర్నెల్‌లో మ్యాప్ ఫైల్‌లో మధ్యలో ఒక రేంజ్ అలాగే మిగిలిపోయి కనిపిస్తోంది, ఫిక్స్ ఉన్నదాంట్లో పోయింది. చదివి సున్నాలు చూసే భాగం పీకేశాను. ఓపిక గల తొలగింపు పెట్టాక సీఐ కూడా గొడవ చేయట్లేదు.

ఇక మిగిలింది మా లీడ్ కోరిక. నిజం ఎస్‌ఎస్‌డీలో మ్యాప్ ఫైల్ లేదు, సున్నాల హామీ లేదు. అక్కడ నడపడం వల్ల లాభం ఉందా?

ఎస్సెస్డీ_సుబ్బడు
ఉంది, కానీ ప్రశ్న మార్చు. డిస్కార్డ్ చేసిన చోట ఏముందని అడగకు, పక్కన ఏముందని అడుగు. ఫియో అనే ఐఓ టెస్ట్ ప్రోగ్రామ్‌తో పెద్ద ప్రాంతం చెక్‌సమ్‌లతో నింపు. మధ్యలో డిస్కార్డ్ కొట్టు. డిస్కార్డ్ కాని అటూ ఇటూ ప్రాంతాలు వెరిఫై చెయ్. అక్కడ ఒక్క బైట్ మారినా అది బగ్గే, కర్నెల్‌దో మాదో తర్వాత కొట్టుకుందాం. దొరసాని చెప్పిన 2015 గొడవ లాంటిది ఈ టెస్ట్‌లో దొరికే అవకాశం ఉంది.

పచ్చిమిర్చి_64
చదివేటప్పుడు డైరెక్ట్ ఐఓ (నేరుగా డిస్క్ నుంచి) వాడు, లేకపోతే పేజ్ క్యాష్‌ని (మెమరీలోని కాపీ) వెరిఫై చేసినట్టు అవుతుంది. బ్లాక్ సైజ్ 512 అని చేత్తో రాయకు, 4కే సెక్టార్ల డిస్క్ మీద డైరెక్ట్ ఐఓ ఈఇన్‌వాల్ ఎర్రర్ కొడుతుంది. లాజికల్ బ్లాక్ సైజ్ సిస్‌ఎఫ్‌ఎస్ నుంచి చదువుకో.

నిద్రలేని_నోడ్
నడిచేటప్పుడు ఎన్‌వీఎంఈ రీసెట్ గూడ కొట్టి చూడు ఒకపారి. గదే అసలు మజా.

బ్లాక్‌లేయర్_మామ
అది వేరే టెస్ట్‌గా పెట్టు. రెండూ కలిపితే ఫెయిల్ అయినప్పుడు ఎవరి తప్పో తెలియక తల పట్టుకుంటావు. అలాగే ఈ నిజం డిస్క్ టెస్ట్ ప్రతి కమిట్‌కీ నడపకండి, ఎస్‌ఎస్‌డీ అరుగుతుంది. రాత్రికొకసారి చాలు. స్కసీ డీబగ్‌ది మాత్రం ప్రతి కమిట్‌కీ నడపండి, దానికి అరిగేదేమీ లేదు.

బెజవాడ_బైట్స్
అయితే రెండు టెస్టులు, రెండు ప్యాచ్‌లు. లినక్స్ బ్లాక్ మెయిలింగ్ లిస్ట్‌కే కదా పంపేది?

డీబగ్_దొరసాని
అదే. ఫిక్స్ కమిట్ ఏదో టెస్ట్ ఫైల్ పైన కామెంట్‌లో రాయండి. మేక్ చెక్ కొట్టి షెల్‌చెక్ (షెల్ స్క్రిప్ట్ తప్పులు వెతికేది) హెచ్చరికలన్నీ తీసేసి పంపండి, లేకపోతే వచ్చే మొదటి రిప్లై మొత్తం డబుల్ కోట్స్ గురించే ఉంటుంది.

కాకినాడ_కర్నెల్
క్యూఈఎంయూలో నా కర్నెల్ బూట్ అయ్యింది అక్కా! బ్లాక్ గుంపు నడిపాను, కొన్ని స్కిప్ అని వచ్చాయి.

డీబగ్_దొరసాని
ఒక్కోదానికి పక్కన స్కిప్ కారణం ఉంటుంది చూడు. ఆ లిస్ట్ ఇక్కడ పెట్టు, కాన్ఫిగ్‌లో ఏవేవి ఆన్ చేయాలో చెప్తా.